మాట అందించే మనిషి

మూడో గంట కొట్టారు, హాల్లో జనం దగ్గులన్నీ ఒకేసారి తీర్చేసుకుంటున్నారు, ఇక గంటసేపు దగ్గితే ఊరుకోమని ఎవరో బెదిరించినట్టు, నేను పక్కతెర వెనుక నా స్టూలు మీద సర్దుకుని, నీలం కాగితం చుట్టిన చిన్న దీపాన్ని పుస్తకం మీదికి వంచి, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాను. ఇది నలభై రెండో ప్రదర్శన. ఇరవై ఆరేళ్ళుగా నటులకు మాట అందించడమే నా పని కాబట్టి నాటక సమాజంలో అందరూ నన్ను ‘పుస్తకం’ అంటారు, పుస్తకం వచ్చిందా, పుస్తకానికి టీ ఇచ్చారా అని, అసలు పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి నేనే పలకను. అదిగో, స్టేజి మధ్యలో చీకట్లో నిలబడ్డ మనిషి, ఆమెను నేను దొరసాని అంటాను, మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికందిస్తే తప్ప తాగదని మొదట్లో ముద్దుగా పెట్టిన పేరు, ఇప్పుడు ముద్దు పోయి పేరు మిగిలింది. పదమూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, మొదటి పదేళ్ళు ఒకే గదిలో, ఈ మూడేళ్ళు రెండు గదుల్లో. ఇది ఒక్క మనిషి ఆడే నాటకం, తనే రాసుకుంది, తనే ఆడుతుంది, ఇద్దరాడవాళ్ళు కలిసి ఒక బిడ్డను కని, పెంచి, పోగొట్టుకున్న కథ. ఆ ఇద్దరూ మేమే.

ఇవాళ్టితో ఈ నాటకం సరి. హాలు వెనకాల మూడు కాళ్ళ మీద కెమెరా నిలబెట్టారు, దాని కొసన ఎర్రటి చుక్క వెలుగుతోంది, తీసినదాన్ని ఒక పెద్ద గ్రంథాలయంలో దాస్తారట, మేమిద్దరం పోయాక కూడా అడిగినవాళ్ళకి చూపిస్తారట. డైరెక్టరు ఆ మాట చెప్పి పొంగిపోయాడు, నాకు ఒళ్ళు మండింది. తొమ్మిది నెలల పది రోజులు బతికింది మా బుడ్డది. అది పుట్టినట్టు రుజువుగా ఒక కాగితముంది, అందులో తల్లి అనే గడి ఒక్కటే, ఆ గడిలో దొరసాని పేరుంది. ఇకమీదట ఈ వీడియో కూడా ఉంటుంది. దాన్లో ఏముంటే అదే జరిగినట్టు. దాన్లో నేను ‘ఆమె’ను, మూడే మూడుసార్లు వస్తాను, వేడినీళ్ళు పెట్టింది ఆమె, ఉయ్యాల కట్టింది ఆమె, ఆసుపత్రి తలుపు అవతల ఆగిపోయింది ఆమె. బుడ్డదానికి పాలిచ్చింది మాత్రం ‘నేను’, అంటే దొరసాని. పచ్చి అబద్ధం. ఆ పాలు నావి.

ఆ అబద్ధాన్ని టైపు చేసిందీ నేనే, ఈ వేళ్ళతోనే, ఆరో రోజున నాకు పాలు పడ్డాయి అని, దొరసాని నా వెనక నిలబడి జడ అల్లుకుంటూ చెబుతుంటే. చేతులు ఆగిపోయాయి, వెనక్కి తిరిగి చూశాను. “స్టేజి మీద ఉండేది ఒక్క ఒళ్ళే కదే, పాలు ఆమెవి అంటే నేనేం చూపించను చెప్పు?” అంది. నీ ఇష్టం అన్నాను, నోట్లో నాలుక లేనిదానిలా. అప్పటికి బుడ్డది పోయి ఐదు నెలలు, ఒక వాక్యం కోసం ఎవరు కొట్లాడతారు అనుకున్నాను. ఎంత తప్పు చేశానో మొదటి ప్రదర్శనలో తెలిసింది. ఆ వాక్యం దగ్గరికొచ్చి దొరసాని ఆగిపోయింది. రెండోసారీ అక్కడే. నలభై ఒక్కసార్లూ అక్కడే, నేను ఆరో రోజున అని అందిస్తే తప్ప కదలదు. డైరెక్టరుకి ఇప్పటికీ తెలియదు, ఆ మౌనం అద్భుతం, అలాగే ఉంచండి మేడమ్ అంటాడు. మౌనం కాదు నాయనా, మరుపు. ఒంటికి తెలియనిది నోటికెలా వస్తుంది? ఇవాళ ఆ చోట నేను నోరు విప్పను. పొద్దున కళ్ళద్దాలు తుడుచుకుంటూ తీర్మానించుకున్నాను, వాక్యం లేకపోతే అబద్ధమూ లేదు, పాలు ఎవరివీ కాకుండా పోయినా సరే, ఆమెవి కాకుండా ఉంటే చాలు.

లైట్లాయన పైనుంచి మొదటి వెలుగు వదిలాడు, దొరసాని మొహం మీద పడింది, హాలు సద్దుమణిగింది. ఆసుపత్రి కాగితంలో భర్త పేరు అని ఉంది, అంటోంది దొరసాని, అక్కడ గీత గీశాను, గీత ఎందుకమ్మా అన్నారు, ఆ పేరు చాలా పొడుగండీ, గడిలో పట్టదు అన్నాను. జనం నవ్వారు. ఆ మాటన్నది కూడా నేనే, పోనీలే, జోకులు ఎవరివైనా ఒకటే. ఆ రోజు ఆ బల్ల ముందు నన్ను ఎవరని అడిగితే వదినని చెప్పింది దొరసాని. ఇంటి ఓనరుకి నేను అక్కని. పక్కింటావిడకి దూరపు చుట్టాన్ని, పాపం ఒంటరిదని చేరదీశారట. కూరలమ్మే ఆవిడ ఏమీ అడగలేదు, ఇద్దరికీ కలిపి ఒకే సంచిలో వేసేది, ఆవిడొక్కతే మర్యాదస్తురాలు. ఏ గుమ్మం దగ్గర ఏ వరుస చెప్పామో నేను గుర్తుపెట్టుకోవాలి, ఆమె మర్చిపోతే అందించాలి, ఇంట్లో కూడా నాది ఇదే ఉద్యోగం. మొదట్లో నవ్వుకునేవాళ్ళం, ఇవాళ నేను నీకేమవుతానే అని అడిగి మంచం మీద పడి నవ్వేవాళ్ళం.

కథ నొప్పుల దగ్గరికొచ్చింది. ఇక్కడ నాకు పనిలేదు, పెన్సిలు పక్కన పెట్టి చూస్తుంటాను. ఇక్కడ దొరసానికి పుస్తకం అక్కర్లేదు, మాట మాటా ఏ రోజుకారోజు కొత్తగా వస్తుంది, నడుము తనంతట తనే వంగుతుంది, కాలి బొటనవేళ్ళు ముడుచుకుంటాయి, ఒకసారి గోడ పట్టుకుంటుంది, ఒకసారి నేల, పై పెదవి మీద నిజమైన చెమట పడుతుంది. ఆ రోజు నా అరచెయ్యి కొరికింది, పక్కన ఇంకా మచ్చుంది, చలికాలం దురద పెడుతుంది. ఆ గంటలో ఆమెను ఎంత ప్రేమించానో ఆ తర్వాత మళ్ళీ ఎవరినీ అంత ప్రేమించలేదు, చివరికి బుడ్డదాన్ని కూడానేమో, నిజం చెప్పాలంటే. బిడ్డ బయటపడ్డాక దొరసాని అడిగిన మొదటి మాట, “అయిపోయిందా?” నాటకంలో కూడా అదే ఉంది, ఆ మాటకి హాలంతా ఊపిరి వదులుతుంది, ఇప్పుడూ వదిలింది. ఆమె ఒంటికి జరిగింది ఆమె ఒంటికి తెలుసు, దాన్ని నేను కాదనను.

నా ఒంటికి జరిగింది ఎవరికి తెలుసు? ఆమెకి మూడో నెల వచ్చినప్పట్నుంచీ మాత్రలు మింగాను, కనకపోయినా పాలు తెప్పించవచ్చని డాక్టరు చెప్పింది, ఓపిక ఉండాలి అంది, అది నాకు బోలెడుంది, ఇతరులు మాట్లాడేదాకా కాచుకుని కూర్చోవడమే కదా నా వృత్తి. ఐదో నెలనుంచి మూడు గంటలకోసారి పంపు పెట్టుకున్నాను. రిహార్సలు మధ్యలో దుస్తుల గదిలోకి వెళ్ళి, రాజుల అంగీలూ పోలీసు చొక్కాలూ వేలాడే కొక్కేల మధ్య కూర్చుని, ఆ చిన్న మోటారు గురగురమంటుంటే ఖాళీ సీసా వైపు చూస్తూ ఉండేదాన్ని, వారాలకు వారాలు, ఏమీ లేదు, చనుమొనలు పగిలి రక్తం మాత్రం వచ్చింది. ఒకనాటి మధ్యాహ్నం సీసా గోడకి ఒక చుక్క అంటుకుంది, తెల్లగా కూడా లేదు, పసుపచ్చగా, జిగురుగా. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, ఒక సైనికుడి కోటులో మొహం పెట్టి ఏడ్చాను. మా అమ్మకి ఫోను చేసి చెప్పకుండా ఉండలేకపోయాను. విని, “నీళ్ళాడకుండా పాలెక్కడివే, సిగ్గులేదూ?” అంది. ఆ తర్వాత మా అమ్మ నాతో రెండేళ్ళు మాట్లాడలేదు, బుడ్డది పోయినప్పుడు కూడా.

దొరసాని ఇప్పుడు స్టేజి మీద బిడ్డను ఎత్తుకుంది, బొమ్మ లేదు, ఖాళీ చేతులే, కళ్ళు తుడుచుకుంటున్నారు ముందు వరసలో. నాకు ప్రతిసారీ కోపమొచ్చేది ఇక్కడే. ఆ మోచెయ్యి అలా ఉండదు. తొమ్మిది నెలల తల ఎంత బరువుంటుందో ఆ మోచేతికి తెలియదు, ముంజేతి వెంట నొప్పి బొటనవేలిదాకా ఎలా పాకుతుందో తెలియదు. ఇక్కడ, స్టూలు మీద, నా ఎడమ మోచెయ్యి మడతపడింది, నేను మడవలేదు, అది మడుచుకుంది, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ముందుకీ వెనక్కీ ఊగుతున్నాను, రొమ్ముల్లో సన్నగా సూదులు గుచ్చుతున్నట్టు చేపు మొదలైంది, పాలు దిగబోయే ముందు వచ్చే ఆ గుంజు, మూడేళ్ళయినా ఏ పసిబిడ్డ ఏడుపు విన్నా వస్తుంది, బస్సులో, బట్టల కొట్లో, పాలు లేవు, చేపు మాత్రం ఉంది. చేతులు కట్టుకుని రొమ్ముల్ని అదిమిపట్టుకున్నాను. కన్నాక పది రోజులు జ్వరంలో కాలింది దొరసాని, ఆ తర్వాత నెలల తరబడి పైకప్పు చూస్తూ పడుకుంది, దాన్ని నా దగ్గరికి తేవద్దు అంది, అందుకు నేనామెను ఒక్క మాట అనలేదు, ఒళ్ళు చితికిపోయిన మనిషిని ఏమంటాం? లేచి తిరిగేసరికి బుడ్డదానికి ఐదో నెల. ఆమె చేతులు చాపితే అది నా జాకెట్టు పట్టుకుని మొహం దాచుకునేది. దొరసాని నవ్వేసి వెళ్ళిపోయేది. ఒకసారి వంటింట్లో వీపు నావైపు పెట్టి అంది, “కన్నది నేను, పోలికలు నావి, చూపు మాత్రం నీ మీద. బాగుందే.” పిచ్చిదానా, ఆకలి వేస్తే ఎవరివైపు చూస్తుంది అన్నాను. నిజానికి నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం దాచుకున్నానా అంటే దాచుకోలేదు.

ఆ రోజు ఆసుపత్రిలో, పిల్లల వార్డులో, తల్లికి మాత్రమే ప్రవేశం. బుడ్డదాని రొమ్ము పట్టేసింది, డొక్కలు లోపలికి పోతున్నాయి, దొరసాని ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది, నేను ఆటో దిగి వెనక వెళ్ళేసరికి తలుపు మూసుకుంది. నర్సు ఎవరు మీరు అంది. అమ్మని అన్నాను, జీవితంలో మొదటిసారి ఒక గుమ్మం దగ్గర నిజం చెప్పాను. అమ్మ లోపలుంది కదా అంది. పాలు నావే, దానికి సీసా పట్టదు అన్నాను. ఆవిడ మంచిదే, ఉండండి అడిగొస్తానని లోపలికెళ్ళి, వచ్చి, నా కళ్ళలోకి చూడకుండా అంది, “ఆయా అని చెప్పారామె. ఆయాలని పంపించమమ్మా.” తలుపు ముందే గంటసేపు నిలబడి అరిచాను, బతిమాలాను, గొంతు పోయింది. ఈలోగా రొమ్ములు రాళ్ళయ్యాయి, జాకెట్టు తడిసి చీరలోకి కారుతోంది, వార్డుబాయి చూసి మొహం తిప్పుకున్నాడు. కింది అంతస్తులో బాత్రూముకి వెళ్ళి చేతుల సింకులోకి పిండేశాను, నొప్పి భరించలేక, ఇరవై నిమిషాలు, అంతకంటే ఉండదు. మెట్లెక్కి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. ఇక ఎవరినీ ఆపడం లేదు. ఆ తర్వాత కూడా నా పాలకు ఆ సంగతి తెలియలేదు, పందొమ్మిది రోజులు వస్తూనే ఉన్నాయి, పాత పంచె చింపి ఛాతీకి బిగించి కట్టుకున్నాను.

తను నన్ను ఆయా అన్నదని నాకు తెలుసని దొరసానికి తెలియదు. నేను అడగలేదు. నాటకంలో ఆ తప్పంతా ఆసుపత్రి నియమం మీదికి పోతుంది, జనం పళ్ళు కొరుకుతారు, చప్పట్లు కొడతారు. నేను కూడా మూడేళ్ళుగా ఆమెకు సాకులు వెతికిపెడుతున్నాను, అక్క, వదిన, దూరపు చుట్టం, అన్నీ అబద్ధాలే చెప్పీ చెప్పీ ఆ హడావుడిలో నోటికొచ్చింది అనేసి ఉంటుంది, అలవాటున జారిన మాట, ఆ మాటే మా కొంప ముంచింది, అలవాటు మా ఇద్దరిదీ కదా. ఆ సాకు మీదే ఆ ఇంట్లో ఉండగలుగుతున్నాను. ఇంకెక్కడికి పోను? బుడ్డదాని తల వాసన తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకతే ఉంది, ఆ ఇంకొకతె ఈమె.

వెలుగు మారింది. లైట్లాయన పసుపు వేశాడు. దొరసాని రెండడుగులు ముందుకొచ్చి, చేతుల్లో లేని బిడ్డ వైపు వంగి, పెదవులు విప్పింది. ఆగిపోయింది. వచ్చేసింది ఆ చోటు. నటి కావాలని ఆగితే చూపు జనం మీద ఉంటుంది, మరిచి ఆగితే ఎడమ భుజం మీదుగా నావైపు వస్తుంది, ఇరవై ఆరేళ్ళలో ఇందులో నేను ఒక్కసారి కూడా పొరబడలేదు. ఇదిగో, వచ్చింది. ఒకటి, రెండు. నేను పళ్ళు బిగించాను. మూడు. హాల్లో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. నాలుగు. ఆమె మెడ నరం కొట్టుకుంటోంది, కెమెరా చుక్క ఎర్రగా ఉంది, పడనీ, మట్టిలో కలవనీ, నాలుగు దాటితే నా నోరు దానంతటది తెరుచుకుంటుంది, ఇరవై ఆరేళ్ళ అలవాటు, తెరుచుకుంది, ఆరో రోజున అనబోయాను, అదే అంటున్నాననుకున్నాను, గుసగుస కాకుండా లోగొంతుతో, గుసగుస చివరి వరసదాకా పోతుంది, లోగొంతు పోదు, కానీ నా గొంతులోంచి వచ్చింది అది కాదు.

“పాలిచ్చింది నేను కాదు.”

“పాలిచ్చింది నేను కాదు,” అంది దొరసాని, గట్టిగా, తన స్టేజి గొంతుతో. నటులంతే, చెవిన పడింది నోట వచ్చేస్తుంది, మెదడు తర్వాత వస్తుంది. మెదడు వచ్చింది. మొహంలో రంగు పోయింది. హాలు ఇదే నాటకమనుకుని మరింత నిశ్శబ్దమైపోయింది. పక్కతెర అవతల డైరెక్టరు నావైపు చేతులూపుతున్నాడు, నేను చూడలేదు. తర్వాతి మాట పుస్తకంలో లేదు, ఆమెకు నేనే దిక్కు. “దుస్తుల గదిలో, కొక్కేల మధ్య,” అందించాను. దుస్తుల గదిలో, కొక్కేల మధ్య, అంది. “నీళ్ళాడకుండానే ఆమె పాలు తెచ్చుకుంది.” ఆ మాటా అంది. “తొమ్మిది నెలలు.” తొమ్మిది నెలలు. నా ప్రతి మాటా ఆమె నోట్లోంచి పెద్దదై వెలుతురులోకి వెళుతోంది, ఎర్రచుక్క తాగుతోంది, సంతోషమే వేసింది నాకు, అబద్ధమెందుకు, పగ తీరుతున్న సంతోషం. “కన్నది నేను, తల్లి ఆమె,” అని కూడా అందించాను. అదీ అంది, కాస్త ఆగి.

ఇక చాలనుకున్నాను. పుస్తకంలో పేజీ తిప్పి, తర్వాతి సీనులో మొదటి మాట వేలితో పట్టుకున్నాను, ఆసుపత్రిలో తలుపు మీద రాసి ఉంది, అని. అందించేలోపే ఆమె జనం వైపు నుంచి పూర్తిగా నావైపు తిరిగింది. చేతులు కిందికి వదిలేసింది, బిడ్డను ఎత్తుకున్నట్టు కూడా లేవు. స్టేజి గొంతు పోయింది, ఇంట్లో మాట్లాడే గొంతు.

“బయట ఉన్నది ఎవరని నర్సు అడిగింది. ఆయా అన్నాను.”

నాకు తెలుసు, తెలుసు, సరే, అది పడింది కెమెరాలో, మంచిది, హడావుడిలో జారిందని చెప్పు, భయమేసిందని చెప్పు, ఏదో ఒకటి చెప్పవే.

“భయపడి అనలేదు. అలవాటైపోయి కూడా అనలేదు. ఆలోచించే అన్నాను. తలుపవతల నుంచి ఆమె గొంతు వినపడుతోంది, నర్సుతో వాదిస్తోంది. బుడ్డది నా ఒళ్ళో ఉంది. ఊపిరి అందట్లేదు దానికి, అయినా తల తిప్పి తలుపు వైపు చూసింది. నేను గడ్డం పట్టుకుని నావైపు తిప్పుకున్నాను. మళ్ళీ అటే చూసింది. నర్సు వచ్చి అడిగింది అప్పుడే. ఆ ఒక్క పూటైనా నన్నే చూడాలనుకున్నాను.”

లైట్లాయనకు ఏ మాటకు వెలుగు మార్చాలో తెలియలేదు, పసుపు అలాగే ఉంది. నా చేతులు నా మోకాళ్ళ మీద ఉన్నాయి, అవి ఎవరివో నాకు తెలియలేదు. చంపేద్దామనిపించింది ఆమెను. పరిగెత్తుకెళ్ళి పట్టుకుని ఏడుద్దామనీ అనిపించింది. వెతికింది, నా తల్లి, ఊపిరందకపోయినా నన్ను వెతికింది, మూడేళ్ళుగా నేను రాలేదనుకుంటూ పోయిందని ఏడ్చాను, నా గొంతు విందట, ఉన్నానని తెలుసట దానికి. ఇంకొకటి తెలియాలి నాకు. దాన్ని అడగడానికి స్టేజి అడ్డం కాలేదు, కెమెరా అడ్డం కాలేదు, గొంతు తగ్గించాలని కూడా తట్టలేదు.

“ఎంతసేపు చూసిందే?” అన్నాను, హాలంతా వినేలా.

దొరసాని కళ్ళు దించుకుంది.

“నువ్వు వెళ్ళిపోయేదాకా,” అంది.